బోర్డు పక్కన నిలబడ్డ గంట

ఓడినవాడు మార్కింగ్ చెయ్యాలి. ఎవరూ రాసిపెట్టకపోయినా ఇది డార్ట్స్ ఆడే ప్రతిచోటా ఉన్న రూలే. బర్ దుబాయ్‌లోని ఈ హోటల్ హాల్లోనూ అంతే. కాబట్టి ఇప్పుడే ఓడిపోయిన వీరరాఘవరావు నల్ల పెన్ను పట్టుకుని, బోర్డు పక్కన గోడకి ఆనీ ఆనకుండా, ముఖం బోర్డువైపు పెట్టి, తెల్లపలక మీద ఐదొందల ఒకటి అని రెండుసార్లు రాశాడు, ఎడమన ఫిలిప్పీన్స్ అమ్మాయి మారిసెల్‌కి, కుడిన క్లబ్బు స్నేహితుడు తబ్రేజ్‌కి. ఎంత ముచ్చటగా రాసిందో చెయ్యి! అంకెలన్నీ ఒక్క వరసలో, ఒకటికి తల, ఐదుకి పొట్ట, సున్నాకి మూత, అన్నీ సరిగ్గా కుదిరాయి. పావుగంట క్రితం ఇదే చెయ్యి బాణం పట్టుకుని చెంపదాకా వచ్చి అక్కడే ఆగిపోయింది, వెయ్యవే అంటే వెయ్యదు, వదలవే అంటే వదలదు, చూస్తున్నవాళ్లకి ఈ పెద్దమనిషికి పన్నునొప్పేమో అనిపించి ఉంటుంది. ఇప్పుడు పెన్ను దొరికేసరికి బుద్ధిమంతురాలైపోయింది. దొంగమొహంది, ముప్పయ్యేళ్లు అకౌంట్స్ రాసిన చెయ్యి, పాత స్నేహం మరిచిపోలేదు. వీరరాఘవరావుకి కోపం రావాల్సింది, కానీ నవ్వొచ్చింది, నవ్వు కూడా బయటికి రానీయకూడదు, మార్కింగ్ చేసేవాడు కదలకూడదు, వెనక్కి తిరగకూడదు, ఆడేవాళ్ల కళ్లలోకి చూడకూడదు. బోర్డుని చూడాలి, మొత్తం చెప్పాలి, తీసివెయ్యాలి, రాయాలి. తీసివేతలు ఆయనకి కొత్తేం కాదు.

"సిక్స్టీ," అన్నాడు మారిసెల్ మూడు బాణాలనీ చూసి, ఐదొందల ఒకటి కింద నాలుగొందల నలభై ఒకటి రాశాడు. ఆటంతా ఇంతే, ఐదొందల ఒకటితో మొదలుపెట్టి ఎవరు ముందు సున్నాకి దిగితే వాళ్లు గెలిచినట్టు. ఇదేదో తనకోసం ఎవరో కనిపెట్టిన ఆటలా ఉందే అని మొదట్లో మురిసిపోయాడు, ఎందుకంటే అబూధాబీలో కంట్రాక్టు కంపెనీ ఆఫీసులో తన కళ్లముందు సున్నాకి దిగనిది ఏదీ లేదు, చివరికి తన ఉద్యోగమూ దిగింది. కరోనా ఏడాది. ముదీర్, అంటే మేనేజరు, పిలిచి కుర్చీ చూపించి, నీళ్లిచ్చి, వాతావరణం గురించి మాట్లాడినప్పుడే అర్థమైపోయింది. ఇంటికొచ్చి భార్య అనంతలక్ష్మికి చెబితే ఆవిడ ఒక్క నిమిషం చూసి, "సరే, నా వీసా ఉందిగా, మీరు నా కింద ఉండండి," అంది, స్కూల్లో లెక్కల టీచరు, ఏడో తరగతి పిల్లాడు తప్పు ఒప్పుకుంటే ఎలా చూస్తుందో అలాగే చూసింది. ఆ వారమే పక్క ఫ్లాట్‌లోని ఐర్లండ్ ఆయన దేశం వెళ్లిపోతూ సామాను పంచిపెట్టాడు. మొక్కల కుండీలు అనంతలక్ష్మికి, ఒక డార్ట్స్ బోర్డు, మూడు బాణాలు వీరరాఘవరావుకి. పని లేదు, బయటికి వెళ్లడానికి లేదు, హాల్లో టీవీ పైన మేకు కొట్టి తగిలించి, ఇరవైకి గురిపెట్టి వేశాడు. ఇరవైకి అటు పక్క ఐదు, ఇటు పక్క ఒకటి ఉంటాయి, గురి తప్పినవాడికి శిక్షగా అలా పెట్టారు. మొదటిది ఐదులో పడింది, రెండోది ఇరవైలో, మూడోది ఒకటిలో. ఇరవై ఆరు. లోకంలో డార్ట్స్ మొదలుపెట్టిన ప్రతి అనామకుడూ వేసే ఇరవై ఆరు, నవ్వి ఊరుకునే ఇరవై ఆరు, అని ఆయనకి తర్వాత తెలిసింది, ఆ రోజు మాత్రం ఏదో సాధించినట్టే అనిపించింది.

తబ్రేజ్ బాణాలు పడ్డాయి. "ఎయిటీ ఫైవ్." తబ్రేజ్ బాణం పడితే బోర్డు కొంచెం దిమ్మెక్కుతుంది, ఏసీలు మోసిన భుజం కదా. ఇంట్లో బోర్డు చప్పుడే అప్పట్లో కొంప ముంచింది. అనంతలక్ష్మి ఆన్‌లైన్ క్లాసులు చెబుతుంటే పిల్లలు, మేడమ్, మీ ఇంట్లో ఎవరో తలుపు కొడుతున్నారు, అనేవాళ్లు. రెండు రోజులు ఓర్చుకుని, మూడో రోజు ఆవిడే బోర్డు ఊడదీసింది, పారేస్తుందనుకున్నాడు, కాదు, లోపలి నడవాలో వంటింటి గోడకి తగిలించి, వెనకాల పాత బొంత మడతపెట్టి కట్టింది. "ఇక్కడైతే చప్పుడు నాకే వినబడుతుంది, ఏడో తరగతికి వినబడదు," అంది. ఆ నడవాలో ఎదురుగా గోడ, గోడ అవతల అనంతలక్ష్మి, ఇవతల తాను. అలా ఎన్ని సాయంత్రాలో. పప్పు పోపు ఘుమఘుమ వస్తుంటే ఇరవైకి గురిపెట్టడం, అదొక సుఖం. ఏసీ బాగుచెయ్యడానికి కడప అబ్బాయి తబ్రేజ్ వచ్చింది కూడా ఆ నడవాలోకే, నిచ్చెన మీదినుంచి చాలాసేపు చూసి, చివరికి ఉండబట్టలేక అనేశాడు.

"సార్, చెయ్యి బాగానే ఇసుర్తాండారు గానీ నడుము ఊపుతాండారు. నడుమును గమ్మున ఉండమని చెప్పండి."

నడుముని గమ్మున ఉండమని చెప్పడానికి ఏడాది పట్టింది. మఫ్రఖ్ లేబర్ క్యాంపులో తబ్రేజ్ గది పక్కనే ఫిలిప్పీన్స్ వాళ్ల గది, వాళ్లకి డార్ట్స్ అంటే ప్రాణం, అక్కడే నేర్చుకున్నాడట. బనియాస్‌లో చిన్న క్లబ్బుకి తీసుకెళ్లాడు. ఇన్‌షర్టు వేసుకుని, జేబులో రెండు పెన్నులు పెట్టుకుని వచ్చిన వీరరాఘవరావుని చూసి అందరూ లేచి నిలబడ్డారు, అద్దె కోసం వచ్చిన మనిషనుకున్నారు. ఆ రోజునుంచి ముదీర్ అన్న పేరు నిలిచిపోయింది. ఇప్పుడు చొక్కా వీపు మీద కూడా అదే, ముదీర్ రావు, ఎర్ర అక్షరాలు, కింద దేరాలో బాణాలమ్మే షాపువాళ్ల పేరు. తనకి తిక్కగా ఉందా అని అద్దంలో చూసుకుని అడిగితే, ఉంది, కానీ రంగు మీకు నప్పింది, అంది అనంతలక్ష్మి. తీసివేతల్లో ఆయన్ని కొట్టేవాడు లేడు, ఎవరికి ఎంత మిగిలిందో, ఏ గడిలో వేస్తే ముగుస్తుందో, మిగతావాళ్లు నుదురు ముడిచేలోపు ఈయన బాణం వెళ్లిపోయేది. లీగులో గెలిచాడు, షార్జాలో గెలిచాడు, ఆ షాపువాళ్లు వచ్చి మా చొక్కా వేసుకోండి, మా దగ్గర కొత్తవాళ్లకి నేర్పండి అన్నారు. అలా యాభై దాటాక మళ్లీ ఉద్యోగస్థుడయ్యాడు. మనీలా వెళ్లాడు, బ్యాంకాక్ వెళ్లాడు, అక్కడ రెండో రౌండులోనే ఓడిపోయి మిగిలిన రోజంతా అనంతలక్ష్మితో పడవలెక్కి తిరిగాడు, ఆ ఓటమంత హాయైన ఓటమి ఇంకొకటి లేదు. విజయవాడనుంచి బావమరిది ఫోన్ చేసి, బావగారు ఇప్పుడేం చేస్తున్నారే అంటే, స్పీకర్లో అందరూ వింటుండగా అంది ఆవిడ.

"బాణాలేస్తార్రా."

"ఆటా, ఉద్యోగమా?"

"నువ్వు బ్యాంకులో కూర్చుంటావు, ఆయన బాణాలేసే గీత దగ్గర నిలబడతారు. అంతే తేడా."

"ఫార్టీ వన్." మారిసెల్‌కి కాస్త గురి తప్పింది. తీసివెయ్యి, రాయి. చెయ్యి రాస్తోంది. ఈ చెయ్యి కిందటి వేసవిలో పట్టేసింది. ఆటగాళ్లలో ఈ జబ్బుకో పేరుంది, ఎవరూ పైకి అనరు, దిష్టి తగులుతుందని భయం. నొప్పి లేదు, వాపు లేదు, డాక్టరు చూసి చెయ్యి భేషుగ్గా ఉందన్నాడు. బాణం ముందుకి వెళ్లాల్సిన క్షణంలో వేళ్లు తెరుచుకోవు, అంతే. మొదట అర క్షణం ఆగేది, తర్వాత ఒక ఊపిరి, తర్వాత రెండు. బాణాల బరువు మార్చాడు, బూట్లు మార్చాడు, కళ్లు మూసి వేశాడు, ఎడం చేత్తో వేసి వంటింటి తలుపుకి గుచ్చాడు. అనంతలక్ష్మికి మాత్రం చెప్పలేదు. ఆవిడ ఎప్పుడూ ఆట చూడదు, పోటీకి వచ్చినా వెనక వరసలో కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుకుంటుంది, కాబట్టి తెలిసే అవకాశం లేదు, ఓడిపోతున్నానంటే వయసు అనుకుంటుంది, అనుకోనీ. పాత కొలీగు రామచంద్రరావు జెబెల్ అలీ ఫ్యాక్టరీలో పెద్ద మేనేజరయ్యాడు, అకౌంట్స్‌లో ఖాళీ ఉంది, సోమవారం చేరిపోరా, ఇవాళ సాయంత్రానికి చెప్పెయ్, అన్నాడు. మంచివాడు. ఉద్యోగమూ మంచిదే. కంపెనీ బస్సు, సూపర్‌వైజర్ క్యాంటీన్, లెడ్జర్లు, పెన్ను. ఇవాళ పొద్దున బనియాస్‌నుంచి బయల్దేరేటప్పుడే వీరరాఘవరావు తనలో తాను తేల్చుకున్నాడు, రెండు ఆటలున్నాయి, చెయ్యి ఒక్కసారైనా తెరుచుకుంటే సరే, లేకపోతే చొక్కా మడిచి బీరువాలో పెట్టి రామచంద్రరావుకి ఫోన్ చెయ్యడమే. ఒక ఆట అయిపోయింది. రెండోది ఈ మార్కింగ్ అవగానే.

టక్, టక్, టక్. మారిసెల్. వెనక్కి చూడకుండానే తెలిసిపోతోంది, మూడూ ఒకే ఎడంలో, నడిచే మనిషి అడుగుల్లా. "హండ్రెడ్." టక్, టక్, ఆగి, టక్. ఇది తబ్రేజ్, మూడో బాణానికి ముందు ఊపిరి పీల్చుకుంటాడు, ఇన్నేళ్లు ఎదురుగా ఆడి కూడా ఈ సంగతి ఎప్పుడూ గమనించలేదు, చేతిని చూశాడు, భుజాన్ని చూశాడు, నడుముని చూశాడు, చప్పుడు వినలేదు. ఇక్కడ నిలబడితే మనుషులు కనబడరు, గాల్లోంచి ఎవరూ వెయ్యనట్టు బాణాలొచ్చి పడుతుంటాయి, వినడం తప్ప పని లేదు. ఇప్పుడు తబ్రేజ్ కొంచెం భయపడుతున్నాడు, ఆ ఆగడం కాస్త పొడుగైంది, పాపం. అబ్బ, చప్పుడు విని ఇంత తెలుస్తుందా! గోడకి చెవి పెట్టినవాడికి మనిషి మనసులోది కూడా, అనుకుంటుండగా వీరరాఘవరావు పెన్ను పలక మీద ఆగిపోయింది. గోడ. వంటింటి గోడ. దానికవతల రోజూ సాయంత్రం నాలుగేళ్లుగా నిలబడి ఉన్నది ఎవరు? టక్, టక్, టక్ అని ఎన్ని వేల సార్లు విని ఉంటుంది ఆవిడ, పోపు వేస్తూ, బియ్యం కడుగుతూ, కళ్లతో చూడకుండా! చూడదు కాబట్టి తెలియదనుకున్నాడే, చూడదు కాబట్టే కదా తెలిసేది. కిందటి వేసవినుంచి టక్ తర్వాత వచ్చే ఆ నిశ్శబ్దం ఆవిడ వినకుండా ఉంటుందా, పిల్లాడు లెక్క మధ్యలో ఆగితే వాడి పెన్ను చప్పుడు ఆగిందని బోర్డువైపు తిరిగి ఉండే పసిగట్టే మనిషి?

మరి ఆ అన్నం పిలుపులు! కిందటి వేసవినుంచే కదా అవి మొదలైంది. గీత దగ్గర నిలబడి చెయ్యి చెంపదగ్గర బిగుసుకుపోయి, చెమట్లు పట్టి, ఇంక ఇంతే అనుకునే సమయానికి గోడవతలనుంచి, "ఏవండీ, అన్నం పెట్టేశాను, రండి!" అని కేక. "ఆ, వస్తున్నా," అని ఆ చేతిలోని బాణాలు ఎటో అటు విసిరేసి వెళితే, బల్ల మీద కంచమే ఉండదు. కుక్కర్ ఇంకా పొయ్యి మీదకే ఎక్కి ఉండదు. ఒకసారి బియ్యం ఇంకా డబ్బాలోనే ఉన్నాయి. అయ్యో, అయిందనుకున్నానండీ, అనేది ముఖం అటు తిప్పుకుని. తనేం చేశాడు? పాపం, దీనికి మతిమరుపు మొదలైంది అనుకున్నాడు. రాత్రి పక్కమీద ఫోన్లో మతిమరుపు గురించి చదివాడు. బనియాస్ దుకాణంలో మంచి బాదంపప్పు తెచ్చి, రోజూ పొద్దున్నే నానబెట్టి, పొట్టు తీసి, చిన్న గిన్నెలో పెట్టి ఇచ్చాడు. ఆవిడ ఆ గిన్నె తీసుకుని, మొగుడి ముఖంలోకి ఒకసారి చూసి తిన్నది. ఇన్ని నెలలు తిన్నది! తన మతికి ఏ ఢోకా లేదని తెలిసి తెలిసి, మొగుడి పరువు కోసం రోజూ బాదంపప్పు నమిలిన ఆడమనిషి లోకంలో ఇంకొకతె ఉంటుందా? ఆ విసిరేసిన బాణాలో? వాటిని ఎప్పుడూ లెక్కలోకే తీసుకోలేదు. పిలిచాక వేసినవి ప్రాక్టీసు కింద రావని వదిలేశాడు, ముప్పయ్యేళ్ల అకౌంటెంటు, ఒక్క పద్దు వదిలేస్తే మొత్తం తప్పుతుందని ఎంతమందికి చెప్పాడో. వస్తున్నా అన్న ప్రతిసారీ వేళ్లు తెరుచుకున్నాయి. ప్రతిసారీ. చెయ్యి ఏనాడూ చెడిపోలేదు. ఆవిడకా సంగతి తెలుసు, ఆవిడ చేతిని పిలిచింది, మొగుణ్ణి కాదు.

"అన్నా," అంది వెనకనుంచి తబ్రేజ్ గొంతు, మెల్లగా. "తొంబై ఆర్లో అరవై పోతే ముప్పయ్యారు కదన్నా. నువ్వు నలబై ఆరు రాసినావు."

హాల్లో ఆ మూల ఉన్నవాళ్లంతా ముదీర్ రావు లెక్క తప్పడం మొదటిసారి చూశారు. వీరరాఘవరావు నాలుగుని చేత్తో తుడిచి మూడు వేశాడు. అరచేయి నల్లబడింది, కళ్లు మసకబారాయి, ఎందుకింత సంతోషంగా ఉందో ఆ తబ్రేజ్‌కి చెబుదామంటే తిరగకూడదు, రూలు. తబ్రేజ్ ముప్పయ్యారు కోసం పద్దెనిమిది రెట్టింపు గడికి గురిపెట్టి, గడుల మధ్య తీగకి తగిలించాడు, తర్వాత మారిసెల్ మూడు అడుగులు నడిచినట్టు వేసి ముగించేసింది. తబ్రేజ్ వచ్చి భుజం మీద చెయ్యేశాడు.

"ఖలాస్ అన్నా, నా పని అయిపాయ. పెన్ను ఇట్లియ్యి. యల్లా, నీ వంతు." అంతలోనే ముఖంలోకి చూసి, "ఏమన్నా, ఏడుస్తాండావా?"

"లేదురా. బాదంపప్పు గుర్తొచ్చింది."

తబ్రేజ్‌కి అర్థం కాలేదు, అర్థం కాకపోయినా పెన్ను తీసుకుని పలక తుడిచి, బోర్డు పక్కన ముఖం అటు పెట్టి నిలబడ్డాడు. ఎదుటి ఆటగాడు షార్జా కుర్రాడు, చెయ్యి కలిపాడు, మీరు ముందు వెయ్యండి సార్ అన్నాడు. వీరరాఘవరావు గీత దగ్గరికి నడుస్తూ వెనక వరసవైపు ఒకసారి చూశాడు. నీలం చీర, ఒళ్లో పేపర్ల కట్ట, పక్కన స్టీలు క్యారియరు, చేతిలో ఎర్ర పెన్ను. తల వంచుకునే ఉంది. కానీ పెన్ను కదలడం లేదు. ఇన్నేళ్లూ ఆవిడ పేపర్లు దిద్దుతోందనుకున్నాడు, ఆట జరుగుతున్నంతసేపూ ఆ పెన్ను ఇలాగే గాల్లో నిలిచిపోయి ఉండేదా? బోర్డువైపు తిరిగాడు. గీతకి బూటు ఆనించాడు. నడుము గమ్మున ఉంది. బాణం చెంపదాకా వచ్చింది.

ఆగింది.

ఒక ఊపిరి. హాలంతా అలవాటైన జాలితో నిశ్శబ్దమైంది, పక్క బోర్డుల వాళ్లు కూడా ఇటే చూస్తున్నారని వీపుకి తెలుస్తోంది, వేళ్లు మొండికేశాయి, తబ్రేజ్ చెవి బోర్డువైపు ఉంది, పాపం వాడికి ఏమీ వినబడడం లేదు, ఇంకో ఊపిరి. ఇక్కడ గోడ లేదు, పోపు లేదు, పరాయి హాల్లో నలుగురి మధ్య ఆవిడ లేచి అన్నం పెట్టేశానని అరవలేదు, అరవకూడదు కూడా, ఆట రూలు ఆవిడకి తెలుసు. అయినా ఆవిడ పిలుస్తూనే ఉంది కదా. ఆ పెన్ను ఆగడమే పిలుపు. నాలుగేళ్లుగా, ఆ మాటకొస్తే ముప్పయ్యేళ్లుగా, ఆ మనిషి చేసిందల్లా తను ఎక్కడ బిగుసుకుపోతే అక్కడికి ఏదో ఒక వంకతో రమ్మనడమే. వీరరాఘవరావు బోర్డుని చూడడం మానేశాడు.

"ఆ, వస్తున్నా," అన్నాడు, పైకే, ఇంట్లో అన్నట్టే.

టక్.

ఐదులో పడింది. ఎంత అందంగా పడింది! ఇరవైకి వేస్తే ఐదులో పడ్డ బాణాన్ని చూసి ఇంత పొంగిపోయిన ఆటగాడు ఎక్కడా ఉండడు. రెండోది చెంపదగ్గర ఆగనేలేదు, ఇరవైలోకి వెళ్లింది. మూడోది నవ్వుతూ వేశాడు, నవ్వుతూ వేస్తే నడుము ఊగుతుంది, ఊగింది, ఒకటిలో పడింది. తబ్రేజ్ ఒక్క క్షణం బోర్డుని చూసి, రూలు మరిచిపోయి మొత్తం మనిషి ఇటు తిరిగి, మూడు బాణాలకీ కలిపి అన్నిటికంటే ఎక్కువైన నూట ఎనభై వేసినవాడికి అరిచినట్టు అరిచాడు.

"ట్వెంటీ సిక్స్!"

ఎవరో చప్పట్లు కొట్టారు, మారిసెల్ అయ్యుంటుంది. షార్జా కుర్రాడికి ఏమీ అర్థం కాలేదు. ఇరవై ఆరు, మొదటి రోజు మాదిరి, ఐదొందల ఒకటిలోంచి పోతే నాలుగొందల డెబ్బై అయిదు, ఇంకా చాలా దూరం దిగాలి, గెలుస్తాడో ఓడతాడో, ఓడితే మళ్లీ ఆ మూల నిలబడి పెన్ను పట్టుకుంటాడు, అదీ బాగానే ఉంటుంది. సాయంత్రం రామచంద్రరావుకి ఫోన్ చేసి, ఒరేయ్, పెద్ద మనసుతో పిలిచావు, కానీ నాకు ఉద్యోగం ఉందిరా, అని చెప్పాలి. బాణాలు పీక్కుని వెనక్కి వస్తూ చూసేవాళ్ల ముందు కట్టిన తాడు దగ్గరికి వచ్చేసరికి అనంతలక్ష్మి మొదటి వరసలోకి వచ్చి కూర్చుని ఉంది. ఎప్పుడు లేచిందో, ఎప్పుడు వచ్చిందో. తల మాత్రం ఎత్తలేదు. ఎర్ర పెన్నుతో ఎవడి పేపరుకో పెద్ద రైటు కొట్టి, పేజీ తిప్పుతూ, ఆయనకొక్కడికే వినబడేట్టు అంది.

"నెమ్మదిగానే ఆడండి. ఇంకా కుక్కర్ పెట్టలేదు."